ఆదిశేషు చేతి సూది

ఎర్రబోడు గొర్రెల పెంపకందారుల సంఘానికి ఇరవై ఏళ్లకు పైగా ఆదిశేషే అధ్యక్షుడు. ఊరి బీడు మీద ఎంతమంది కన్ను పడినా, ఆఫీసుల చుట్టూ తిరిగి దాన్ని జీవాల మేతకే నిలబెట్టింది ఆయనే. ఏ మందలో గొర్రె తల వేలాడేసినా ముందు ఆయన ఇంటికే కబురు వెళ్లేది. చదివింది నాలుగో తరగతి. సంతకం పెట్టాల్సి వస్తే నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు గీసేవాడు. గొర్రెకు సూది వెయ్యడంలో మాత్రం ఆయన చెయ్యి రాచర్ల మండలంలో అందరికీ తెలుసు. సూది దిగిన సంగతి గొర్రెకు కూడా తెలియదని చెప్పుకునేవారు.

సంఘానికి కార్యదర్శి నరేంద్ర. చిన్నప్పుడే తండ్రి పోతే, ఆదిశేషే అతన్ని గిద్దలూరు హాస్టల్లో చేర్చి డిగ్రీ దాకా చదివించాడు. ఊళ్లో పెద్ద మంద ఉన్న లింగయ్య కూతురు మహేశ్వరిని అడిగి పెళ్లి చేసింది కూడా ఆయనే. రక్తసంబంధం లేకపోయినా ఇద్దరూ మామా, అల్లుడూ అనే పిలుచుకునేవారు. అర్జీలు రాసేది, అధికారులతో మాట్లాడేది, మందులు తెచ్చి భద్రం చేసేది అంతా నరేంద్రే. పేరు మాత్రం ఆదిశేషుది. చాలా ఏళ్లు నరేంద్రకు అది తట్టనేలేదు. ఒకసారి తట్టాక మరిచిపోవడం అతని వల్ల కాలేదు.

తట్టేలా చేసింది ప్రభాకరరావు. మండలంలో రాజకీయం నడిపే మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో కాపరుల ఓట్లన్నీ ఆదిశేషు మాట మీద పడతాయి. ఆదిశేషు మాత్రం ప్రభాకరరావు మాట వినడు. ఒకరోజు గిద్దలూరు నుంచి వస్తూ ప్రభాకరరావు నరేంద్రను కారెక్కించుకున్నాడు.

"పనంతా నీది, దండలన్నీ ముసలాయనకు. ఎన్నాళ్లు తమ్ముడూ ఇట్ల సంచి మోస్తావు?"

"మామ ఈసారి తప్పుకుంటానన్నాడు సార్. ఇకమీదట నువ్వే చూసుకోవాల అల్లుడూ అన్నాడు."

ప్రభాకరరావు నవ్వాడు. "అనడానికేముంది. నువ్వు ఆ కుర్చీలో కూచున్న రోజు నా దగ్గరికి రా. రేపు మండలానికే నిన్ను నిలబెడతా. అంతవరకు నువ్వు కార్యదర్శివే."

ఆ వేసవి మొదట్లో సంఘం సమావేశం జరిగింది. నరేంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు మనసులో అనుకుని వచ్చాడు. ఆదిశేషు లేచి తనకు వయసైపోయిందని మొదలుపెట్టాడు. జనం సాగనివ్వలేదు.

"నువ్వు తప్పుకుంటే మా జీవాలకు దిక్కెవరు పెద్దాయనా?" అని లింగయ్య అడిగాడు. వెనక నుంచి పదిమంది అదే మాట అన్నారు. ఆదిశేషు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"సరే, ఇంకొక్కసారి. పక్కన నరేంద్ర ఉన్నాడు కదా, నాకేం భయం!"

అందరితోపాటు నరేంద్ర కూడా చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఉండిపోయాడు. ఏమైందని మహేశ్వరి అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

మే నెలాఖరులో చిటుకు రోగానికి టీకా మందు వచ్చింది. తొలకరి పడి లేతగడ్డి మొలవగానే వచ్చే రోగమది. ఆశగా ఆ గడ్డి మేసిన జీవం చిటుక్కున ఎగిరి పడి చస్తుంది. వాన రాకముందే టీకా వెయ్యాలి. వేసేదాకా మందును చల్లగా ఉంచాలి. సంఘం గదిలో అందుకోసమే ఒక ఫ్రిజ్ ఉంది. ఆ గది తాళం నరేంద్ర దగ్గరే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం మందు సీసాలు ఫ్రిజ్‌లో సర్దాడు. తలుపు మూశాడు. బయటికి రాబోయి ఆగాడు. పైన రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. గదిలో నిలబడలేనంత వేడి. స్విచ్ మీద వేలు పెట్టినప్పుడు ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదనే అనుకున్నాడు. నాలుగైదు జీవాలు పోతాయేమో. మాట పడేది పెద్దాయనకు. అంతకుమించి ఏం జరుగుతుందిలే, తర్వాత నేనొచ్చి అంతా సరిచేస్తాను కదా. స్విచ్ కట్టేసి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఒకసారి వెళ్లి చూసొచ్చాడు. సంఘం ఆఫీసులో సంతకాలు పెట్టే పనుందని ఇంట్లో చెప్పాడు. సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. సోమవారం మళ్లీ స్విచ్ వేశాడు. మర్నాడు పొద్దున ఆదిశేషు ఐసు పెట్టె భుజాన వేసుకుని వచ్చేసరికి సీసాలు మంచులా ఉన్నాయి.

"అల్లుడూ, ముందు మీ మామ లింగయ్య మందతో మొదలుపెడదామా?"

లింగయ్య తన భార్య తండ్రి. అతని మందకు మాత్రం వేరే మందు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని నరేంద్ర రాత్రంతా ఆలోచించాడు. అదొక్కటే బతికితే అందరి కళ్లూ తన మీదే పడతాయి.

"నీ ఇష్టం మామా," అన్నాడు.

ఆ రోజు పొద్దుగూకేదాకా ఆదిశేషు మందమందకూ తిరిగి తన చేత్తోనే సూదులు వేశాడు. మర్నాడూ అంతే. ఒక్కో జీవాన్నీ తొడల మధ్య ఒడిసిపట్టి, చర్మం చిటికెడు పైకెత్తి సూది దించి, వదిలేటప్పుడు వీపు మీద చిన్నగా తట్టేవాడు. నరేంద్ర పక్కన నిలబడి సీసాలు అందించాడు.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. ఎర్రటి బోడు నేల మీద నాలుగు రోజుల్లో పచ్చటి నూగు లేచింది. ఊరంతా సంతోషపడింది. ముందుగా పడింది లింగయ్య పొట్టేలు. మందలోకెల్లా బలిసినది. మేస్తూ మేస్తూ తలెత్తింది, మూరెడు పైకి ఎగిరింది, పడి నాలుగు కాళ్లూ కొట్టుకుంది. లింగయ్య పరుగెత్తి వచ్చేలోపు అయిపోయింది. ఆయన దాని తల ఒళ్లో పెట్టుకుని ఉండగానే వెనక ఇంకోటి పడింది.

తర్వాత ఎర్రబోడులో పొద్దు పొడవడమంటేనే జనానికి భయమైంది. దొడ్డి తలుపు తీసేటప్పుడు కళ్లు మూసుకునేవారు. ఆడవాళ్లు ఇంట్లోంచి "ఎన్ని?" అని అడిగేవారు. ఈడ్చుకెళ్లి పూడ్చడానికి మనుషులు చాల్లేదు. నాలుగైదు పోతాయనుకున్న నరేంద్రకు కుళ్లిన వాసన గిద్దలూరు వెళ్లినా ముక్కులోంచి పోయేది కాదు.

పశువుల డాక్టరు సునీత వచ్చింది. చచ్చిన గొర్రెను కోసి చూసి, చిటుకే అంది.

"టీకా వేశారుగా. మరి ఎందుకు పనిచెయ్యలేదు? ఫ్రిజ్ సరిగ్గా నడిచిందా నరేంద్రా? కరెంటు పోయిందా?"

"ఒక్క గంట కూడా పోలేదు మేడం."

"మందల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఐసు పెట్టుకున్నారా?"

ఆదిశేషు తలూపబోయాడు. ఈలోపు నరేంద్ర నేల చూస్తూ అన్నాడు. "పెట్టుకో మామా అని చెప్పినాను మేడం. పెద్దాయనకు వయసైపోయింది, ఎండలో ఆ హడావుడి... మరిచిపోయినట్టున్నాడు."

ఆదిశేషు తెల్లబోయి చూశాడు. "పెట్టుకున్నాను కదా అల్లుడూ. నువ్వు చూసినావు కదా."

"లేదు మామా. సీసాలు ఖాళీ పెట్టెలోనే పెట్టుకున్నావు. నలుగురిలో అనడమెందుకులే అని ఊరుకున్నాను."

ఆదిశేషు తన రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

ఇంటికి వెళ్లి భార్య పోలమ్మకు ఆ మాట చెప్పాడు. ఆమె గయ్యిమంది. "ఐసు నేను కదా ఏసింది! మనింట్లో గిన్నెల్లో గడ్డ కట్టించి, గుడ్డలో చుట్టి, నా చేత్తో పెట్టెలో పెట్టిచ్చినాను. రెండు రోజులూ."

"అది పోయినేడు సంగతేమో పోలీ. నరేంద్ర అబద్ధమెందుకు చెప్తాడు? వాడికేం అవసరం?"

ఆ అవసరం ఏమిటో పోలమ్మకూ తెలియలేదు. ఆ మాట ఊళ్లో ఎత్తొద్దని ఆదిశేషు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. పిల్లవాడి పేరు చెడుతుందన్నాడు.

డాక్టరుకు ఐసు సంగతి చెప్పిన నరేంద్ర, ఊళ్లో మాత్రం ఇంకో మాటను సాగనిచ్చాడు. సూది వేసిన జీవాలే చచ్చాయని, ఆ మందులోనే విషం ఉందని జనం అనుకుంటుంటే కాదనలేదు. ఏ మాటయినా చివరికి ఆదిశేషు మీదికే పోతుంది, అదే చాలనుకున్నాడు.

ఆదిశేషు అధ్యక్ష పదవి వదిలేశాడు. తన మందలో మిగిలిన జీవాలను అన్నీ పోగొట్టుకున్నవాళ్ల దొడ్లకు తోలి వచ్చాడు. పోలమ్మ ఏడ్చి పట్టుబట్టి నాలుగు గొర్రెలను ఉంచుకుంది. లింగయ్య తనకిచ్చినవాటిని తీసుకోలేదు. ఇల్లు తాళం వేసి, హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కాపలాకు పోయాడు. తండ్రిని బస్సెక్కించి వచ్చిన మహేశ్వరి పుట్టింటి ఖాళీ దొడ్డి ఉన్న వీధి వైపు వెళ్లడమే మానేసింది.

చలికాలంలో ఆదిశేషు మంచం పట్టాడు. ఏ రోగమూ కనిపించలేదు. అన్నం సయించేది కాదు, అంతే. ఒక సాయంత్రం నరేంద్రను పిలిపించుకున్నాడు.

"అల్లుడూ, ఐసు పెట్టినట్టే ఉంటాది నాకు. చల్లగా ఈ భుజానికి తగిలినట్టు కూడా గుర్తు. మళ్లీ నువ్వు లేదన్నావు కదా, అప్పుడు లేదేమో అనిపిస్తాది." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఏం లోపం జరిగిందో కనుక్కో. వచ్చే ఏడు అట్ల కాకూడదు. నువ్వు చదువుకున్నోడివి."

"కనుక్కుంటాను మామా."

పక్కన నీళ్ల గ్లాసు పట్టుకుని పోలమ్మ నరేంద్ర మొహం వంక చూస్తోంది. అతను ఆమె వైపు తిరగకుండానే లేచి వచ్చాడు. ఆ వారమే ఆదిశేషు చనిపోయాడు. పాడె మోసినవాళ్లలో నరేంద్ర ముందున్నాడు.

సంక్రాంతి వెళ్లాక అతను అధ్యక్షుడయ్యాడు. పోటీ లేదు. ప్రభాకరరావు కారులో వచ్చి గజమాల వేశాడు, ఫోటోలు దిగాడు. సమావేశానికి వచ్చిన జనం మాత్రం ఒక వరస కుర్చీలు కూడా నింపలేదు. ఎవరూ అతన్ని పెద్దాయనా అని పిలవలేదు. ఊళ్లో మందల గంటలు బాగా తగ్గిపోయాయి. సాయంత్రం వీధిలో నిలబడితే ఆ నిశ్శబ్దం నరేంద్ర చెవుల్లో హోరెత్తేది. ఇంట్లో గిన్నె కిందపడినా ఉలిక్కిపడేవాడు.

"ఏందట్ల భయపడతావు?" అని మహేశ్వరి అడిగేది.

"ఏంలే."

మళ్లీ మే వచ్చింది. టీకా మందు వచ్చింది. ఈసారి నరేంద్ర ఫ్రిజ్‌ను కంటికి రెప్పలా కాచాడు. మైకులో చాటించాడు. టీకాలు వెయ్యాల్సిన రోజు పొద్దున్నే కాపరులు మందలను కొండ వైపు తోలుకుపోయారు. ఇంటింటికీ వెళ్లి బతిమాలాడు.

"ఆ మందు మాకొద్దు నాయనా," అన్నాడు ఒక ముసలి కాపరి. "ఆదిశేషు అంతటోడు వేస్తేనే సచ్చినాయి. నువ్వు వేస్తే బతుకుతాయా?"

"మందు మంచిదే తాతా. తప్పు మందుది కాదు."

"మరి ఎవరిది?"

నరేంద్ర నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట చెబితే ఊరి మందలన్నీ సాయంత్రానికి సంఘం గది ముందు నిలబడతాయని అతనికి తెలుసు. చెప్పిన మరుక్షణం తనకు ఏ దొడ్డి ముందూ నిలబడే చోటుండదని కూడా తెలుసు. నోరు మూసుకుని తిరిగి వచ్చాడు. ప్రభాకరరావుకు ఫోన్ చేస్తే, "వద్దన్నోళ్లకు వదిలెయ్. మండలం టిక్కెట్టు సంగతి మాట్లాడుదాం," అన్నాడు.

మధ్యాహ్నం ఒక్క పోలమ్మ వచ్చింది, తన నాలుగు గొర్రెలను తోలుకుని.

"వెయ్యి నరేంద్రా. మందు మంచిదే, మీ మామే ఐసు మరిచిపోయినాడని అన్నావు కదా."

అతను సూది తీశాడు. పక్కనే కుండలో మంచినీళ్లున్నాయి. మందు బదులు ఆ నీళ్లు ఎక్కిస్తే ఈ నాలుగూ అన్నిటితోపాటే పోతాయి. ఊళ్లో ఇవి మాత్రమే బతికితే జనం లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు. చెయ్యి కుండ వైపు ఒకసారి కదిలింది. పోలమ్మ అతని మొహం చూడటం లేదు, చేతులే చూస్తోంది. అతను సీసాలోంచే మందు తీశాడు. ఒక్కోదానికీ గబగబా సూది గుచ్చాడు. నాలుగో గొర్రె నొప్పికి అరిచింది.

"మీ మామ వేస్తే అరిచేవి కావు," అని ఆమె వాటిని తోలుకుపోయింది.

జూన్‌లో వాన పడింది. నూగు లేచింది. నరేంద్ర గదిలో కూర్చుని వీధిలోకి చెవులు పెట్టుకుని ఉన్నాడు. మూడోరోజు ఎక్కడో ఒక ఆడమనిషి కేక వినిపించింది. తర్వాత ఇంకో వీధిలో. మిగిలిన మందల్లో మళ్లీ చావులు మొదలయ్యాయి. అదే బీడులో, అదే గడ్డి మేసిన పోలమ్మ గొర్రెలు మాత్రం కడుపు నిండా మేసి ఇంటికి వస్తున్నాయి. మొదట ఒకరు చూశారు. తర్వాత ఊరంతా వాటినే చూసింది.

డాక్టరు సునీత వచ్చినప్పుడు సంఘం గది ముందు జనం గుమిగూడారు. పోలమ్మ గొర్రెలను చూపించి ఆమె అంది, "ఇదిగో, వీటికి వేసిన మందే మీ అందరికీ తెప్పించాం. అప్పుడే వేయించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

పోలమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. "డాక్టరమ్మా, ఒక మాట. ఆయనకిచ్చిన ఒట్టు ఈ రోజు తప్పుతున్నాను. పోయినేడు ఐసు ఏసింది నేను. రెండు రోజులూ నేనే. పెట్టెలో ఐసుంది, మందు మంచిది, ఏసినోడి చెయ్యి మంచిది. మరి జీవాలెందుకు పోయినాయి? ఆ మందు మా చేతికి రాకముందే చెడిపోయింది. అంతకుముందు అది ఎవరి దగ్గరుండె?"

అందరూ నరేంద్ర వైపు తిరిగారు.

"కరెంటు పోయింటాది అత్తా. నాకు తెలియకుండా..."

"నేనే నిన్ను అడిగాను నరేంద్రా," అంది సునీత. "ఒక్క గంట కూడా పోలేదన్నావు."

వెనక నుంచి మహేశ్వరి గొంతు వినిపించింది. ఆమె ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు. "పోయినేడు టీకాలకు ముందు ఆదివారం ఆఫీసుకు పోయినావు నువ్వు. ఫ్రిజ్ ఆగిపోయింటే అప్పుడే చూసేటోడివి కదా? ఏం చేసినావు ఆ మందును?"

నరేంద్ర చేతిలోని తాళంచెవిని జేబులో వేసుకున్నాడు.

"మా నాయన యాడనో ఎవరిదో గేటు కాడ కూచోనున్నాడు. చెప్పు."

"కట్టేసినాను," అన్నాడు నరేంద్ర. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నేనే. స్విచ్ కట్టేసినాను. ఇన్ని పోతాయనుకోలేదు."

ఒకతను ముందుకు దూకి అతని చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కర్రలు ఎత్తారు. పోలమ్మ ఆపలేదు, కొట్టమని కూడా అనలేదు. దగ్గరికి వచ్చి నిలబడింది.

"కుర్చీ కావాలని అడిగింటే ఆయనే లేచి ఇచ్చేటోడు. అది పోనీ. జీవాలూ పోనీ. ఆయన బతికుండగా ఈ మాట ఒక్కటి చెప్పినావు కాదే. చచ్చేదాకా ఐసు పెట్టినానా లేదా, ఐసు పెట్టినానా లేదా అని చేతులు చూసుకుంటానే ఉండె."

చొక్కా పట్టుకున్నతను వదిలేశాడు. ఒక కాపరి డాక్టరు వైపు తిరిగి, "మిగిలినవాటికి ఇప్పుడైనా వేస్తే బతుకుతాయా తల్లీ?" అని అడిగాడు. కొన్నయినా నిలుస్తాయంది సునీత. జనం దొడ్ల వైపు పరుగెత్తారు. గది ముందు నరేంద్ర ఒక్కడే మిగిలాడు. కాసేపట్లో మందలు వచ్చాయి. పక్కనే సూదులు వేస్తున్నారు, గొర్రెలను పట్టుకుంటున్నారు, ఒకరినొకరు కేకేసుకుంటున్నారు. అతను నిలబడిన చోటును చుట్టుకుని నడుస్తున్నారు తప్ప పక్కకు జరగమని కూడా ఎవరూ అనలేదు.

మర్నాడు మహేశ్వరి తండ్రి దగ్గరికని హైదరాబాదు బస్సెక్కింది. ప్రభాకరరావు నరేంద్ర ఫోన్ తియ్యడం మానేశాడు. ఊరివాళ్లు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. వాళ్లు వచ్చి అతన్ని తీసుకెళ్లారు, కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. నరేంద్ర ఇంటికి వచ్చి తలుపులు బార్లా తీసి కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి కొడతారని ఎదురు చూశాడు. ఎవరూ రాలేదు. దుకాణానికి వెళ్తే అడిగింది ఇచ్చేవారు, మాట కలిపేవారు కాదు. వర్షాకాలం ముగిసేలోపు అతను ఊళ్లో లేడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి కుదిరాడని, ఏ ఊరు అని అడిగితే గిద్దలూరు అవతల అని మాత్రం చెబుతున్నాడని రాచర్ల ఆటో నడిపే నయీమ్ వచ్చి చెప్పాడు.

లింగయ్య తిరిగి వచ్చాడు. కూతురితో కలిసి మళ్లీ కొద్దిపాటి మంద కట్టాడు. మరుసటి మేలో ఎర్రబోడులో టీకా వెయ్యని జీవం ఒక్కటి కూడా లేదు. ఫ్రిజ్ ముందు రోజుకొకరు వంతులేసుకుని కాపలా కూర్చున్నారు. మందు మంచిదేనని అందరికీ తెలుసు. అయినా వాన పడి బోడు మీద పచ్చ నూగు లేచిన పొద్దున, మందలను బీడులోకి వదిలిన కాపరులెవరూ చెట్టు నీడకు పోయి కూర్చోలేదు. ఎవరి మందలో బలిసిన పొట్టేలు పక్కన వాళ్లు, కర్ర మీద గడ్డం ఆనించి, అది తల ఎప్పుడెత్తుతుందోనని చూస్తూ నిలబడిపోయారు.